సందు లేకుండా కట్టిన బండ

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడి మాత్రం నేను లేకపోయినా నడిచిపోయింది. అది అప్పుడే గమనించి ఉంటే, ఈ సంగతి నాకు ముప్పై ఏళ్ల ముందే అర్థమయ్యేది.

జమ్మలమడుగు దగ్గర నాపరాళ్లకు పాలిష్ పట్టే యార్డు నుంచి ప్రొద్దుటూరికీ పులివెందులకూ చిన్న లారీలో బండలు తోలడం నా పని. పులివెందులలో రిటైరైన సైన్సు టీచరమ్మ ఒకామె ఇల్లు కట్టుకుంటోంది. వంటగట్టుకు ఎనిమిదడుగుల నల్లబండ, అతుకు లేకుండా ఒకటే ముక్క కావాలంది. మొదటి బండకు ముద్దనూరు దాటాక మూల విరిగింది. రెండోదానికీ అంతే. రెండుసార్లూ బ్రేకు వేసినప్పుడే. తప్పు ఒకసారి మేకల మీదికి, ఒకసారి రోడ్డు మీదికి తోసేశాను.

మూడో బండకు యార్డు యజమాని సాయిబు తేల్చి చెప్పాడు. "ఇదీ పగలగొడితే నా గేటు దగ్గరికి రావద్దప్పా. మాటల్తో బండలు అతికేటట్లయితే నీయంత మేస్త్రీ ల్యాడు."

ఆ యార్డు లోడ్లు పోతే నా లారీ మా ఆవిడ మిరపకాయలు ఎండేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఆ పొద్దున టీచరమ్మే యార్డుకు వచ్చింది, కట్టేది కళ్లారా చూస్తానని. నేను బండను అంచు మీద నిలబెట్టి, తాడు బిగించి, వెనక తలుపు దగ్గర వరిగడ్డి కుక్కుతున్నాను. మా డ్రైవర్లందరి పద్ధతీ అదే. బండి బయల్దేరితే బండ వెనక్కి జారుతుంది కాబట్టి గడ్డి వెనకే. ముందు, క్యాబిన్ వైపు, జానెడు సందు.

"ముందర ఏమీ పెట్టవాప్పా?"

"ముందరికి ఎవరు నూకుతారు మేడం? నూకేవాడు ల్యాకుండా బండ కదుల్తాదా?"

"మరి రెండు బండలు యాడ తగిలి పగిలినాయి?"

"క్యాబిన్‌కే. బ్రేకు నూకింది."

"బ్రేకు బండిని ఆపింది. బండను ఎవరాపినారు?"

నేను క్యాబిన్ వైపు సందులోకి తొంగి చూశాను. సాయిబు ఈ వింత చూడ్డానికి టీ గ్లాసు కింద పెట్టాడు.

టీచరమ్మ పాత బేరింగులోంచి ఒక గుండు తీయించింది. చెక్కను వాలుగా పెట్టి, దాని మీదుగా ముందు గరుకు బండ మీదికి వదిలింది. గుండు మూరెడు దూరంలో ఆగింది. సగం రుద్దిన బండ మీద నడిమి దాకా పోయింది. పాలిష్ బండ మీద ఆ చివరికి పోయి కింద పడింది.

"దీన్ని ఎవరన్నా నూకుతాండారా?"

"ల్యా."

"బండ ఇంకా నున్నగా, ఇంకా పొడుగ్గా ఉంటే?"

"పులివెందుల దాకా పోతాది మేడం. నా బాడుగ దండగ."

ఆమె నవ్వింది. "నూకేది ఆపితే కదిలేది ఆగిపోతాదని పాతకాలంలో శానా గొప్ప పండితులే అనుకున్యారు. దగ్గర దగ్గర రెండు వేల ఏండ్లు అదే మాట. తర్వాత ఇటలీలో ఒకాయన ఇట్లే వాలు మీద గుండ్లు దొర్లించి చూసినాడు. ఆపేది గరుకు. అది ల్యాకుంటే పోయేది పోతానే ఉంటాది. నిలబడింది నిలబడాలనే చూస్తాది. దాన్నే జడత్వం అంటారు."

"అయితే నాదీ పండితుల తప్పే."

"అవునప్పా. వాళ్లు నా బండలు పగలగొట్టల్యా, అంతే తేడా."

బండను విప్పాను. పాత టైరు ముక్కలు క్యాబిన్‌కు ఆనించి, బండను వాటికి అదిమి, వెనక చెక్కలు దిగ్గొట్టాను. ముందూ వెనకా వేలు దూరే సందు కూడా లేదు.

టీచరమ్మ క్యాబిన్‌లో కూర్చుంది. ముద్దనూరు దాటాక మళ్లీ మేకలు, నా అనుమానం అవే మేకలు. గట్టిగా బ్రేకు తొక్కాను. ఇద్దరం ముందుకు తూలాం. ఆమె ఒళ్లోని సంచి ఎగిరి అద్దానికి తగిలింది. నా చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. రెండుసార్లు విన్న ఆ 'టక్' ఈసారి వినపడలేదు.

ఆమె సంచి తీసుకుంది. "దీన్ని కట్టల్యా మనం."

పులివెందులలో నలుగురు బండను దించారు. నాలుగు మూలలూ బొటనవేలితో తడిమి చూసుకుని సాయిబుకు ఫోన్ చేశాను.

"పండితులు ఓడిపోయినారు మామా."

"కతలు వద్దు. మూలలు ఉండాయా?"

"నాలుగూ ఉండాయి."

"రేపు ప్రొద్దుటూరికి లోడుంది. పొద్దున్నే రా."

ఇప్పుడు ఆ యార్డులో ఏ లారీ అయినా ముందర టైరు ముక్కలు పెట్టుకునే కదులుతుంది. కొత్త డ్రైవరు వస్తే సాయిబు నన్ను పిలుస్తాడు. గుండు నా జేబులోనే ఉంటుంది.