ఎంబసీ వారి పెళ్లి సంబంధం

ఒక మనిషి ఉద్యోగాన్ని కప్పు టీ తాగినంత సేపట్లో ఎలా ఊడగొట్టవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. అదీ అతనింకా చేరని ఉద్యోగం. చేరిన ఉద్యోగాన్ని ఎవరైనా ఊడగొడతారు. చేరకముందే ఊడగొట్టాలంటే నాలాంటి ప్రజ్ఞావంతురాలు కావాలి.

అప్పట్లో నేను ఒమన్ దేశంలో, రుస్తాఖ్ అనే ఊళ్లో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుని. డ్యూటీలో సూదులు వేయడం, డ్యూటీ దిగాక సంబంధాలు కుదర్చడం నా పనులు. మొదటిదానికి జీతమిచ్చేవారు. రెండోది ఎవరూ అడక్కపోయినా చేసేదాన్ని. అక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చిలో ఆరాధనకు వచ్చిన పెళ్లికాని పిల్లలు నన్ను చూశారంటే ప్రార్థన ఇంకాస్త పొడిగించేవారు, కళ్లు తెరిస్తే నాకు దొరికిపోతామని.

అలా దొరికినవాడే మా క్లినిక్ వ్యాన్ డ్రైవరు డేవిడ్, పాలకొల్లు వైపు కుర్రాడు. క్లినిక్ వాళ్లు వ్యాన్ తీసేస్తున్నారని, త్వరలోనే అతని ఉద్యోగం పోతుందని అందరికీ తెలిసింది. బుద్ధున్నవాళ్లయితే అతనికి ఇంకో ఉద్యోగం చూసేవారు. నేను పెళ్లి చూశాను. ఉద్యోగం ఉండగానే పెళ్లి జరిపించేస్తే ఆ తర్వాత సంగతి దేవుడే చూసుకుంటాడని నా దూరదృష్టి. సహం అనే ఊళ్లో ఒక నర్సు సంబంధం కదిపాను. "మా పెద్దాయన ఒకాయన మస్కట్‌లో ఎంబసీలో పనిచేస్తారు. ఆయనొచ్చి అబ్బాయి సంగతి కనుక్కుంటారు" అన్నారు వాళ్లు.

ఆ వారమే డేవిడ్ వచ్చి తలవంచుకుని, "కరుణక్కా, నీ పేరిచ్చాను. ఎవరైనా వచ్చి అడిగితే కాస్త మంచిగా చెప్పక్కా" అన్నాడు.

సిగ్గుపడుతున్నాడనుకున్నాను. "నాకొదిలెయ్‌రా" అన్నాను. దేనికి నా పేరిచ్చావని అడగలేదు. అడిగేదాన్నయితే ఈ కథ ఎందుకుంటుంది?

రెండు రోజులకు ఒకాయన వచ్చాడు. నడివయసు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. కార్డు చూపిస్తూ, "నా పేరు రాజయ్య అమ్మా. ఎంబసీ సెక్యూరిటీ ఆఫీసు నుంచి వచ్చిన. డేవిడ్ గురించి రెండు ముచ్చట్లు అడగాలె" అన్నాడు.

కార్డు చదవాలంటే కళ్లద్దాలు కావాలి. అవి లోపలున్నాయి. అయినా ఎంబసీ అన్న మాట చెవినపడ్డాక ఇంకా చదివేదేముంది? అమ్మాయిది కోస్తా, ఈయన మాటేమో తెలంగాణ. అయితే మేనత్త మొగుడై ఉంటాడని చుట్టరికం కూడా నేనే కలిపేశాను.

"రండి అన్నయ్యగారూ, కూర్చోండి" అని టీ, ఖర్జూరాలు పెట్టాను.

అన్నయ్యగారూ అనగానే ఆయన కాస్త ఉలిక్కిపడ్డాడు. ఆడపిల్లవారికి కూడా ఇంత బెట్టా అనుకున్నాను.

"వేరే దేశపోళ్లతోటి దోస్తానా ఉన్నదా?" అని మొదలుపెట్టాడు.

కలుపుగోలుతనం గురించి అడుగుతున్నాడనుకున్నాను. "ఒక దేశమా అండీ! ఎక్కడివాడైనా సరే, మావాడితో పది నిమిషాలు మాట్లాడితే తమ్ముడూ అంటాడు. వాళ్లిళ్లలో భోజనాలు, వేళాపాళా లేని ఫోన్లు, ఒకటే సందడి!"

ఆయన పెన్ను పరుగెత్తింది. అబ్బాయి నచ్చాడని నేనూ పరుగెత్తాను.

"జీతం గాక వేరే ఆమ్దానీ?"

"జీతం అతనికొక లెక్కా? ఎక్కణ్నుంచి వస్తుందో మాకే తెలీదు గానీ, చెయ్యి మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంటుంది."

నిజానికి డేవిడ్ చేతిలో నిండుగా ఉండేది వ్యాన్ స్టీరింగ్ ఒక్కటే.

"లోపలి మాట కడుపుల దాస్తడా?"

"దాచడమా! పొద్దున విన్నది సాయంత్రానికి ఊరంతా చెప్పేస్తాడండీ. దాపరికమన్నదే ఎరగడు."

"ఎవలన్న గట్టిగ అడిగితె?"

"ఎవరేం చెప్పినా చేసేస్తాడు. అంత మెత్తని మనసు."

రాజయ్య గారు రాయడం ఆపి రుమాలుతో మొహం తుడుచుకున్నారు. ఇలాంటి అల్లుడు దొరికినందుకు ఆనందబాష్పాలు కాబోలనుకున్నాను. ఇక మావైపు ప్రశ్నలు మొదలుపెట్టాను.

"మరి మావాడికి మీరేం పెడతారు?"

"జీతం, ఇన్సూరెన్సు, రెండు జతల యూనిఫారం."

"యూనిఫారమా? సూటు కుట్టించరా?"

"డ్రైవర్‌కు సూటెందుకమ్మా?"

నాకు మండింది. "డ్రైవరైతే మాత్రం? చర్చిలో నలుగురి ముందు నిలబడొద్దూ? సరే, కాపురం ఎక్కడ పెట్టిస్తారు?"

"కాపురమా? మేం రూమ్ ఇయ్యం. ఎవల రూమ్ వాళ్లే చూస్కోవాలె."

"రూమ్ ఇవ్వకపోతే అమ్మాయినెక్కడుంచుతాడు?"

"ఏ అమ్మాయి?"

"మీ అమ్మాయి!"

"నాకు ఇద్దరు కొడుకులే గదమ్మా!"

లేచి వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకుని కార్డు చదివాను. అప్పుడు తెలిసింది. డేవిడ్ మస్కట్‌లో ఒక ఎంబసీలో డ్రైవరు ఉద్యోగానికి పెట్టుకున్నాడు. అక్కడ ఎవరిని చేర్చుకోవాలన్నా సెక్యూరిటీ ఆఫీసు మనుషులొచ్చి, తెలిసినవాళ్లను అడిగి, మనిషి నమ్మకస్తుడేనా అని తేల్చుకుంటారట. నేనేమో నా తమ్ముడిలాంటివాణ్ని పట్టుకుని, పది దేశాలవాళ్లతో తిరిగే, ఎక్కడి డబ్బో తెలియని, ఏ రహస్యమైనా చాటింపు వేసే ఘనుడిగా రాయించాను. గూఢచారి సొంత అక్క కూడా అంత చక్కగా చెప్పలేదు.

"సార్, నేను చెప్పినవన్నీ అబద్ధాలే!" అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ సార్! ఒట్టు!"

"పోలీసుల ఎన్నో ఏండ్లు చేసినమ్మా. ఒట్టేసి అబద్ధమాడినోళ్లను చూసిన. ఛాయ్ పోసి మరీ అబద్ధమాడినోళ్లను ఇదే చూసుడు."

చేతులు జోడించాను. "ఈ ఉద్యోగం రాకపోతే ఆ పిల్లాడు ఇండియా పోవాలి సార్."

"మరి నిజమేందో చెప్పు."

చెప్పాను. డేవిడ్‌కు స్నేహితులే లేరు. ఫోనంటూ చేస్తే వాళ్లమ్మకే. ఉన్నవి మూడు చొక్కాలు. మా పెద్ద డాక్టరు వ్యాన్‌లో కూర్చుని ఫోన్లో మాట్లాడిన ఇంటి గొడవలన్నీ అతను విన్నాడు. మేమెంత బతిమాలినా ఒక్క ముక్క చెప్పలేదు. మేనేజరు తన సొంత పనికి వ్యాన్ తీయమంటే కుదరదన్నాడు. అందుకే ఆయనకు వీడంటే పడదు.

"ఇవి ముందే చెప్పొచ్చు గదా?"

"పెళ్లివాళ్లకు ఇలాంటి లోపాలు చెప్తామా సార్?"

రాజయ్య గారు మొదటిసారి నవ్వారు. "మాకు గావాల్సినయి ఈ లోపాలేనమ్మా" అని లేచారు. అలాగని నా మాట మీదే వదిలేయలేదు. క్లినిక్‌లో మిగిలినవాళ్లందరినీ విడివిడిగా అడిగి మరీ వెళ్లారు. ఆ తర్వాత చాలా రోజులు నాకు అన్నం సహించలేదు. డేవిడ్ మొహం చూడలేక వ్యాన్ వెనకసీట్లో కూర్చునేదాన్ని.

చివరికి ఒకరోజు హల్వా డబ్బాతో వచ్చాడు. ఉద్యోగం వచ్చింది.

"రాజయ్య సారు నీకొక మాట చెప్పమన్నారక్కా."

"ఏమన్నారురా?" అన్నాను, మెచ్చుకున్నారేమోనన్న ఆశతో.

"ఇంకెప్పుడు ఏ ఉద్యోగానికి పెట్టుకున్నా కరుణక్క పేరు మాత్రం రాయొద్దన్నారు."

ఆ హల్వా నోట్లో పెట్టుకుని అప్పుడే గట్టిగా ఒట్టేసుకున్నాను. ఇక మీదట ఎవరొచ్చి ఎవరి గురించి అడిగినా, ఉద్యోగానికా, పెళ్లికా అని ముందు స్పష్టంగా తెలుసుకుంటాను. ఆ తర్వాతే అబద్ధాలు మొదలుపెడతాను.