సుల్మా దిద్దలేకపోయిన ముప్పై ఒకటి

సుల్మా బిదెగాయిన్ పదకొండేళ్లలో తేనెటీగల పెంపకందారుల ఫోరంలో రెండువందల పధ్నాలుగు టపాలు రాసింది. వాటిలో ఒక్కటి తప్పు. సోయా కంపెనీ న్యాయవాది ఆ ఒక్కదాన్నే అచ్చు తీయించి విచారణకు తెచ్చాడు.

ఆమెకు అరవై ఒకటి. మా ఊరి బడిలో ఇరవై ఆరేళ్లు వంట చేసింది. పిల్లల పళ్లేలు కడిగాక తేనెటీగల పెట్టెల దగ్గరికి వెళ్లేది. భర్త పోయాక తమ్ముడు ఎబెర్‌తో కలిసి నూట నలభై తేనెపట్లు చూసుకుంటోంది. చదివింది ఆరో తరగతి. ఆమె టపాల్లో ఒక్క విశేషణం దొరకదు. తేదీ, గాలి దిక్కు, ఏ పొలంలో మందుకొట్టే యంత్రం తిరిగింది, పెట్టె గడప ముందు ఎన్ని ఈగలు నాలుక చాచి పడి ఉన్నాయి, అంతే. ఆకలితో చచ్చే ఈగ పట్టులోని మైనపు గదిలో తల దూర్చి చస్తుంది. మందు తగిలిన ఈగ నాలుక చాచి చస్తుంది. ఈ తేడాను మా ప్రాంతంలో ఏ ప్రభుత్వ పత్రమూ నమోదు చేయలేదు. జీతం తీసుకుని చేయవలసినవారు చేయని పనిని ఆమె ఊరికే చేసింది.

ఆ ఫోరంలో టపాను రాసిన గంట లోపే దిద్దుకోవాలి. ఆ తర్వాత అక్షరం కదలదు. ఈ నియమానికి ఒక కారణం ఉంది. రాణి ఈగలు అమ్మే వ్యాపారి ఒకడు "గుడ్లు పెట్టకపోతే మార్చి ఇస్తాను" అని రాసి, ఫిర్యాదులు రాగానే ఆ వాక్యాన్ని మాయం చేసి, అడిగినవాళ్లనే అబద్ధాలకోరులను చేశాడు. ఫోరం నడిపే విశ్రాంత లెక్కల మాస్టారు ఫాబ్రిసియో ఆ వారమే గంట గడువు పెట్టాడు. నియమం న్యాయమైనదే. అయితే అది ఎవరి గంట అని ఆనాడు ఎవరూ అడగలేదు. సుల్మా ఇంట్లో సిగ్నల్ అందదు. టపా పెట్టాలంటే పాత ట్రక్కులో మూడు కిలోమీటర్లు పోయి నీళ్ల ట్యాంకు మిట్ట ఎక్కాలి.

గత నవంబరులో పక్క పొలంలో, సోయా విత్తే ముందు, కలుపు పూతలో ఉండగా మందు కొట్టారు. మర్నాడు అక్కాతమ్ముళ్లు చెరో వైపు నుంచి పెట్టెలన్నీ తెరిచి చూశారు. వాళ్ల పద్ధతి ఒకటి ఉంది: పట్టు బాగుంటే మూత మీద రాయిని పడుకోబెడతారు, చచ్చిపోతే నిలబెడతారు. ఆ మరుసటి ఉదయం సుల్మా నిలబడ్డ రాళ్లను లెక్కపెట్టి, మిట్టెక్కి, పది ఇరవైకి రాసింది: ముప్పై ఒక్క పట్లు చచ్చిపోయాయి.

ఇంటికి వచ్చేసరికి ఎబెర్ మాతే ఆకుల కషాయం గొట్టంతో పీలుస్తూ కూర్చున్నాడు.

"ఎన్నని రాశావక్కా?"

"ముప్పై ఒకటి. నిలబెట్టిన రాళ్లన్నీ లెక్కపెట్టా."

ఎబెర్ గొట్టం నోట్లోంచి తీశాడు. "అన్నీనా? అందులో తొమ్మిది నావే."

"నీవేంట్రా?"

"నిన్న సాయంత్రం గాలి లేచింది కదా. ఖాళీ పెట్టెల మూతలు ఎగిరిపోతుంటే చేతికందిన రాయల్లా పెట్టా."

"నిలబెట్టి పెట్టావా?"

"పడుకోబెట్టి జోల పాడే తీరికెక్కడిది? పరిగెత్తుతూ పెట్టా."

"నలభై ఏళ్లుగా చెబుతున్నా, నిలబెడితే చచ్చినట్టని. ముందు నీ నెత్తిన ఒకటి నిలబెట్టాలి."

ఇద్దరూ వెళ్లి మళ్లీ ఒక్కొక్కటే తెరిచారు. చచ్చినవి ఇరవై రెండు. ఆమె తిరిగి మిట్టెక్కేసరికి ఒంటిగంట దాటింది. దిద్దే మీట లేదు. అప్పటికే పదిహేడు మంది ఆ ముప్పై ఒకటిని తమ టపాల్లోకి ఎత్తుకున్నారు. ఆమె ఫాబ్రిసియోకు ఫోను చేసింది.

"దోన్యా సుల్మా, ఫోరం తాళంచెవి నా దగ్గరే ఉందిగా. ఒక్క సంఖ్యేగా. మార్చేస్తా, ఎవరికీ తెలీదు."

"నీకు తెలుసుగా మాస్టారూ."

"నేనెవరికి చెప్తాను?"

"రేపు ఆ రాణీలవాడూ ఒక్క వాక్యమేగా అంటాడు. వాడికేం చెప్తావు?"

"వాడికీ మీకూ పోలికా?"

"ఇప్పుడు నువ్వు చేస్తానంటున్నది అదే. వద్దులే. కింద రాసుకుంటా."

ఒంటిగంట ముప్పై ఐదుకు ఆమె తన టపా కిందే రాసింది: పైన రాసింది తప్పు. తొమ్మిది ఖాళీ పెట్టెలను కూడా లెక్కపెట్టాను. చచ్చినవి ఇరవై రెండు.

మా పెంపకందారుల సంఘం తరఫున ఆమె ఫిర్యాదును నడిపింది నేను. మేము కోరింది ఒకటే: జనవరిలో సోయా పూతకు వచ్చాక, ఆమె పెట్టెలకు రెండు కిలోమీటర్ల లోపు పొలాల్లో పగటిపూట మందు కొట్టకూడదు. ఆ ఉత్తర్వు రాకపోతే మిగిలిన నూట పద్దెనిమిదీ పోతాయి. ఆమె మాట తప్ప మా దగ్గర వేరే సాక్ష్యం దాదాపు లేదు. అందుకే ఆ సవరణ చూసి నాకు ఒళ్లు మండింది.

"నన్నొక్క మాట అడగకుండా ఎందుకు రాశారు?"

"అడిగితే ఏమనేదానివి?"



విచారణ డిసెంబరులో జరిగింది. కంపెనీ న్యాయవాది తన కాగితాన్ని ఎత్తి చూపాడు.

"ముప్పై ఒకటి అని రాసింది మీరేనా, సెన్యోరా?"

"నేనే."

"మర్నాడు పశువైద్యుడు వచ్చి లెక్కపెట్టింది ఇరవై రెండు. అంటే తొమ్మిది మీ ఊహ."

"ఊహ కాదు బాబూ, మా తమ్ముడు."

వెనక బెంచీల్లో నవ్వారు. ఎబెర్ టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు.

న్యాయవాది తెచ్చిన కాగితం అడుగున కత్తిరించి ఉంది. పూర్తి పేజీని చూడాలని నేను కోరాను. విచారణాధికారి సవరణను, దాని సమయాన్ని చదివింది. వైద్యుడు రాకముందే, అంటే అధికారిక లెక్క పుట్టకముందే, ఆమె తన లెక్కను తానే తగ్గించుకుంది.

న్యాయవాది ఫాబ్రిసియోను సాక్షిగా నిలబెట్టాడు. "ఏ టపానైనా, ఏ సమయాన్నైనా మీరు మార్చగలరా?"

"మార్చగలను."

"ఈమె కోసం మారుస్తానన్నారా?"

"అన్నాను. సిగ్గుగానే ఉంది. ఆవిడ ఒప్పుకోలేదు."

"ఒప్పుకోలేదనడానికి రుజువు?"

నేను లేవబోయేలోపే అధికారి కళ్లజోడు తీసి అంది: "మార్పించుకుని ఉంటే మీ చేతిలో ఆ ముప్పై ఒకటి ఎక్కడిదండీ?"

ఉత్తర్వు పదిరోజులకు వచ్చింది. ఇరవై రెండు తేనెపట్ల నష్టం రుజువైందనీ, ఫోరంలోని పదకొండేళ్ల టపాలు సాక్ష్యంగా చెల్లుతాయనీ రాశారు. మేము అడిగిన రెండు కిలోమీటర్లకు బదులు ఎనిమిది వందల మీటర్లు ఇచ్చారు, అదీ ఆమె ఇంటి నుంచి కొలిచి, ఒక్క పూతకాలానికి. ఈగ మూడు కిలోమీటర్లు ఎగురుతుందన్న సంగతి దస్త్రంలో నాలుగుచోట్ల ఉంది. ఉత్తర్వు రాసినవారు ఒక్కచోటా చదవలేదు. దూరం మీద అప్పీలు వేశాను. సుల్మా సంతకం చేస్తూ, తేదీ సరిగ్గా ఉందా అని రెండుసార్లు చూసుకుంది.

నది పక్కన ఉన్న నలభై పెట్టెలు ఆ హద్దుకు బయట పడ్డాయి. అక్కాతమ్ముళ్లు రెండు తెల్లవారుజాముల్లో వాటిని ట్రక్కులో లోపలికి చేర్చారు. పూత సాగినన్నాళ్లూ యంత్రం హద్దు లోపలికి పగలు రాలేదు. ఫిబ్రవరి ఆఖరుకు మూడు పట్లు పోయాయి. మందు వల్ల కాదు, రాణులు ముసలివై పోయాయని సుల్మా రాసింది. నూట పదిహేను బతికి ఉన్నాయి.