రెండు కళ్ళూ ఉన్న భాగం

నా బ్లాగుకు ఏడాది నిండింది. పాత తెలుగు కామిక్స్ గురించి వారానికొకటి చొప్పున, ఒక్క వారం తప్ప, రాస్తూనే వచ్చాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారేమో, అననివ్వండి. హిందీ మీడియంలో చదివి, ఆఫీసులో రోజంతా ఇంగ్లిషులో ఫైళ్ళు రాసే మనిషి తెలుగులో ఇంత రాసిందంటే గర్వపడకుండా ఉండడం నా వల్ల కాదు. అయితే చెప్పాల్సింది తప్పిపోయిన ఆ ఒక్క వారం గురించి.

నాకు తెలుగు చదవడం వచ్చిందే కామిక్స్‌తో. నాన్న వైజాగ్ షిప్పులో వంటపని చేసేవాడు. వచ్చినప్పుడల్లా ఆయన సంచిలో ఒక బొమ్మల పుస్తకం ఉండేది. అండమాన్‌లో, జంగ్లీఘాట్‌లోని మా ఇంట్లో దేనికైనా ఒకటే లెక్క: షిప్పు దిగిందే కొత్తది. పది రోజుల పేపర్లు కట్టగా వస్తే పైనున్నదే ఇవాళ్టి పేపరు. కామిక్స్ కూడా అంతే, నాన్న తెచ్చిన వరసే కథ వరస. భాగం సంఖ్య అట్ట మీద ఉండేది. ఆ అట్టను అన్నయ్య చింపి నోటుబుక్కుకు వేసుకునేవాడు. ఇక నాకు అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

బ్లాగు మొదలుపెట్టిన మూడో నెలలో, నాకు అన్నిటికంటే ఇష్టమైన సీరియల్ గురించి రాశాను. సముద్రంలో మునిగి ముత్యాలు తీసేవాడి కథ. ఒక భాగంలో శత్రువులు వాడి కన్ను పొడిచేస్తారు. తర్వాతి భాగంలో వాడు రెండు కళ్ళతో నవ్వుతూ పడవలో నిలబడి ఉంటాడు. పోయిన కన్ను ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. మా ఇంట్లో కథ అక్కడితో ముగిసింది. చిన్నప్పుడు నాకది పట్టలేనంత సంతోషం. పెద్దయ్యాక దానికో సిద్ధాంతం కట్టాను. రచయిత కావాలనే కారణం చెప్పలేదనీ, పిల్లల ఊహకు వదిలేశాడనీ, అంత ధైర్యం ఇప్పుడెవరికుందనీ పేజీలకు పేజీలు దంచాను.

మర్నాడు రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన కామెంట్ పెట్టారు. "అమ్మా, కన్ను పోయింది తొమ్మిదో భాగంలో. మీరు దాని తర్వాత ఆరో భాగం చదివినట్టున్నారు." ఆయన మర్యాదగానే అన్నారు. ఆ కింద వచ్చినవాళ్ళకు అంత మర్యాద లేదు. అండమాన్‌లో అంకెలు ఇలాగే లెక్కపెడతారా అన్నాడొకడు. నాకు తల కొట్టేసినట్టయింది. అసలే ముక్కు మీద కోపం, నలుగురితో పోట్లాడాను. తర్వాత పోస్టు దాచేశాను. బడిలో నేర్చుకోని భాషలో నాకెందుకీ పెద్దరికం, బ్లాగు మూసేద్దామనుకున్నాను. ఆ వారం ఏమీ రాయలేదు.

ఆదివారం ఆస్టినాబాద్‌లోని నా ఇంటి నుంచి ఆటోలో నాన్న దగ్గరికి వెళ్ళాను. ప్రతి వారం నా పోస్టు ఆయనకు చదివి వినిపించడం అలవాటు.

"ఏటి, ఈ వారం ఏటీ రాయలేదా?" అన్నాడు.

జరిగింది చెప్పాను. చెబుతూ చెబుతూ, "నువ్వు నంబర్లు చూసి తేవాల్సింది కదా నాన్నా" అని కూడా అనేశాను.

నాన్న మెల్లగా నవ్వాడు.

"సూసే తెచ్చినానమ్మా. తొమ్మిదోది సదివి, ఆడి కన్ను పోయిందని నువ్వు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మళ్ళా ట్రిప్పుకి కొట్లో పదోది ఉంది. తీసి సూస్తే అందులోనూ ఆడు ఒంటికన్నోడే. ఇది పట్టుకెళ్తే పిల్ల మళ్ళీ ఏడుస్తాదని, పాత పుస్తకాలమ్మే భయ్యా దగ్గర కట్టలన్నీ ఇప్పించి ఎతికినాను. అప్పట్లో షిప్పు రిపేరుకెళ్ళి మనకి రాకుండా పోయిన ఆరోది దొరికింది. అందులో ఆడికి రెండు కళ్ళూ ఉన్నాయి."

"మరి పదోది?"

"కథ అయిపోయిందని నీకు సెప్పీసినాను. ఛోడ్ దే, ఇప్పుడెందుకది?"

నాకు ఏడుపొచ్చింది. నాన్న ముందు దాచుకోలేదు కూడా. ఆ సాయంత్రమే దాచిన పోస్టును బయటపెట్టి, ఒక్క అక్షరం మార్చకుండా, దాని కింద నాన్న చెప్పిందంతా రాశాను.

ఇక్కడి మిన్నీ బే నుంచి ఒకతను ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసి పంపాడు. "దీదీ, నాకు తెలుగు మాట్లాడడం వచ్చు గానీ రాయడం రాదు. మీది మా అమ్మ చదివి వినిపించింది. బహుత్ అచ్ఛా లగా. ఇంక అక్షరాలు నేర్పమని అమ్మనే అడిగినాను." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. ఆ తర్వాత మరే వారమూ ఆగలేదు.

కానీ ఏడాదిలో రాసినవాటన్నిటిలో నాకు ఎక్కువ గర్వంగా ఉన్నది రాజమండ్రి పెద్దాయనకు ఇచ్చిన జవాబు. "పదో భాగం నుంచి చివరి దాకా నా దగ్గరున్నాయమ్మా, పంపమంటారా?" అని ఆయన అడిగారు. ఇన్నేళ్ళుగా ప్రతి పాత కాగితం కోసం వెంపర్లాడేదాన్ని, అయినా ఆలోచించకుండానే రాశాను.

"వద్దండీ. మా ఇంట్లో ఆ కథ ఆరో భాగంతో అయిపోయింది."