టైలరమ్మ బిగించిన టోపీ

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. మెడలో టేపు లేకపోతే ఒంటి మీద బట్ట లేనట్టే ఉంటుంది ఆమెకి. మతిమరుపు జబ్బు పట్టిన మొగుడికి రోజూ పొద్దున్నే ఆ టేపుతోనే తల కొలిచి, నుదుటి మీద సుద్దగీత పెట్టి, ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజీలు సరిగ్గా గీత మీదికొచ్చేలా తలకి సన్నగా కరెంటు పెట్టే టోపీ తొడుగుతుంది. ఏళ్ల తరబడి వాడాలి, జబ్బు నెమ్మదించవచ్చేమో అన్నాడు డాక్టరు. ఆ చివరి 'ఏమో'ని ఆమె చెవిన వేసుకోలేదు. పళ్ల మధ్య గుండుసూది బిగబట్టి, స్విచ్చి నొక్కి, "చీమలు పాకుతున్నాయా?" అంటుంది. "పాకుతున్నాయే," అంటాడాయన. కరెంటు పారుతోందనడానికి ఆ చీమలే గుర్తు; అప్పుడుగానీ ఆమె ఊపిరి వదలదు.

ఇవాళ ఆమె ఇంకా స్విచ్చి నొక్కనేలేదు. "పాకుతున్నాయే, బాగా పాకుతున్నాయి," అన్నాడాయన. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. టోపీ తీసి, వైరు వెంట వేళ్లు పోనిచ్చింది. అంచు మడతలో తెగి ఉంది, సరిగ్గా తన కుట్టు కిందే. జుట్టు పల్చబడి టోపీ వదులైందని వానాకాలానికి ముందు ఆ అంచు బిగించి కుట్టింది తనే. వానలు వెళ్లిపోయి కూడా చాన్నాళ్లయింది. నిన్ననే కూతురికి ఫోన్లో, "నాన్నకి ఇప్పుడు చాలా నయమే," అని చెప్పింది.

"ఏమైందే? తప్పు చెప్పానా?" అన్నాడాయన, బడిపిల్లాడిలా బెదురుతూ.

ఆమె పళ్ల మధ్యనుంచి గుండుసూది తీసింది.

"మీరు కాదండీ," అని, కుట్టు విప్పడానికి కత్తెర అందుకుంది.