కామాక్షయ్య గుర్రానికి తగిన బండి

చనిపోయే ముందురోజు కూడా కామాక్షయ్య ఒక బండిని వద్దన్నాడు. రంగు మార్చి మళ్లీ తెచ్చినవి కలుపుకుంటే అది ముప్పై ఏడోది. వెనక తొట్టి ఉన్న వ్యాను. దానికి ట్రైలరు తగిలించుకుని నెల్లూరు వెళ్లివచ్చాక, బయల్దేరేటప్పుడు నిండుగా పట్టుకున్న నీళ్ల చెంబులోకి తొంగిచూసి పెదవి విరిచాడు.

"మూడు చుక్కలు ఒలికినాయి రమణయ్యా. మా సివంగి మోకాళ్లు ఓర్చవు."

కొందరు పెళ్లిసంబంధాలు చూస్తూ ముసలివాళ్లవుతారు. కామాక్షయ్య బండ్లు చూస్తూ అయ్యాడు. కోట అనే ఊరికి తూర్పున, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఆయనకు ఇల్లూ కాస్త మడీ ఉండేవి. సివంగి ఆయన గుర్రం. ముసలిదై నడవలేని దాన్ని నెల్లూరు పశువుల డాక్టరుకు చూపించాలని, పాత లారీ చక్రాలమీద తాటిపలకలు కొట్టించి ట్రైలరు చేయించాడు. ఇక దాన్ని కుదుపు లేకుండా లాగే బండి కావాలి.

నెల్లూరులో పాత బండ్లు అమ్మిపెట్టే రమణయ్యకు ఇది పరువు సమస్య. ఈతరాని వాడికి పడవ అంటగట్టగల మనిషి ఆయన. పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో మొదటి జీపు తెచ్చినప్పుడే, కామాక్షయ్యకు బండి అమ్మకపోతే మీసం తీసేస్తానని భార్య దగ్గర ఒట్టు పెట్టుకున్నాడు.

"గుర్రాన్ని ఎక్కించన్నా, తేలిపోద్ది" అన్నాడు ఆ రోజు.

"బాగుందయ్యా! పిల్లనిచ్చే ముందు అల్లుణ్ణి చూస్తాం గానీ, పిల్లను పంపించి చూస్తామా?"

"ఖాళీ ట్రైలరు ఎగిరెగిరి పడదా మరి?"

"అందుకే గదా బరువు పెట్టినా! గుర్రమంటే ఏడుగురు మనుషులు."

రమణయ్య వెనక్కి తిరిగి చూశాడు. చేపలు పట్టేవాళ్ల పాళెం నుంచి వచ్చినవాళ్లు అప్పటికే ట్రైలరులో గడ్డి పరుచుకుని కూర్చున్నారు. దుప్పటి కప్పుకుని చిన్నపోలయ్య దగ్గుతున్నాడు. నిండు చూలాలు కామమ్మ కమ్మీ పట్టుకుని ఉంది.

"ఈమెతో కలిపి ఆరుగురే గదన్నా?"

"కామమ్మ రెండు లెక్క" అన్నాడు కామాక్షయ్య.

ప్రతి పరీక్షా నెల్లూరులో పెద్దాసుపత్రి గుమ్మం ముందే ఆగేది.

"ఇక్కడే ఎందుకన్నా ఆపడం?"

"పశువుల డాక్టరు ఆ పక్క సందులోనే గదా. సివంగి మరి సినిమాహాలు కాడ దిగుద్దా?"

బరువు దిగి లోపలికి పోయేది. మందుసీసాలు పట్టుకుని తిరిగివచ్చేది. ఒకసారి కామమ్మను అక్కడే వదిలి, వారం తర్వాత ఇంకో బండి పరీక్షలో తీసుకొచ్చారు, చంటిబిడ్డతో సహా. "బరువు అంతే ఉంది రమణయ్యా, మనిషే పెరిగింది" అన్నాడు కామాక్షయ్య. పెట్రోలు మాత్రం ప్రతిసారీ తనే పోయించేవాడు.

ఒకనాడు రమణయ్య నెల్లూరు నుంచి ఎద్దులబండికన్నా నెమ్మదిగా తోలాడు. ఒక్క చుక్క ఒలకలేదు. గెలిచానని మీసం దువ్వుకునేలోగా కామాక్షయ్య చెంబెత్తి రెండు గుక్కలు తాగేశాడు.

"దప్పికైంది. చూడు, ఎంత తగ్గిందో!"

కొట్టం తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. కొత్తవాళ్లను చూస్తే గుర్రం బెదురుతుందట. కామాక్షయ్య భార్య వెంకటశేషమ్మ మాత్రం, "సివంగికి నానబెట్టినవే, మీకూ ఇన్ని" అంటూ ఉలవ గుగ్గిళ్లు పెట్టేది. పరీక్ష పోయినా గుగ్గిళ్లు మిగిలేవి రమణయ్యకు.

కామాక్షయ్య కర్మలన్నీ అయ్యాక రమణయ్య ముప్పై ఎనిమిదో బండి తోలుకుని వచ్చాడు. ఎవరికి అమ్మాలో తెలియదు. చూస్తే ట్రైలరులో ఏడుగురు కూర్చుని ఉన్నారు. ముందు చిన్నపోలయ్య, చేతిలో నిండు చెంబు.

"ఈ బండికి పరీక్ష లేదా రమణయ్యా?"

రమణయ్య ట్రైలరు తగిలించాడు. వెంకటశేషమ్మ గుగ్గిళ్ల పళ్లెం తెచ్చింది.

"అమ్మా, పరీక్షలు చాలు. వచ్చే వారం సివంగిని నేనే తీసుకుపోయి చూపిస్తా."

"ఏ సివంగిని నాయనా?"

"అదేనమ్మా, మీ గుర్రాన్ని."

"అది నువ్వు మొదటి జీపు తెచ్చినదానికి ముందు సంవత్సరమే పోయింది గదయ్యా! ట్రైలరు మేకులు కొడతా ఉండంగానే పోయింది. నీకు చెప్పలా ఆయన?"

రమణయ్య మూసిన కొట్టం వంక చూశాడు.

"మరి ఇన్నాళ్లూ నానబెట్టిన ఉలవలు?"

వెంకటశేషమ్మ పళ్లెం ఆయన ముందుకు జరిపింది.

"నువ్వే గదా నాయనా తింటివి."