ఆ మంచం పక్కన నేనన్న మాట

పోయిన నెల ఒక మధ్యాహ్నం విరిగిన కళ్ళజోడు బాగు చేయించుకుందామని మా బళ్ళారి కౌల్ బజార్‌కు వెళ్ళి, దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని ఉండగా, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న డాక్టరు ఫోను చేశాడు. కొత్తగా ఐసీయూ పనిలో చేరిన కుర్ర డాక్టర్లకు అక్కడి నిపుణుల పాత్ర, బాధ్యతలు అన్న విషయం మీద ఒక అరగంట మాట్లాడాలట. సరేనని వెళ్ళాను. ఊపిరి అందని మనిషికి గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలపడం దగ్గర మొదలుపెట్టి, గంట గంటకూ మూత్రం చూసుకోవడం, ఒళ్ళు పుండ్లు పడకుండా ఒత్తిగిలించడం, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్ళేలోపు చేతులు కడుక్కోవడం, బయట కూర్చున్న వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పడం, ఇవన్నీ వరుసగా చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, శాలువా కప్పారు. ఇంటికి వచ్చి ఆ శాలువా మడిచి బీరువాలో పెడుతుంటే, చెప్పవలసిన మాట ఒకటి చెప్పకుండానే వచ్చేశానని అనిపించింది. ఆ పిల్లల ముందు నాకు నోరు పెగల్లేదు. ఇది చదివే మీలో చాలామంది ఇంచుమించు నా ఈడువాళ్ళే అయి ఉంటారు కనుక, మీతో చెప్పుకుంటున్నాను.

మాది కప్పగల్లు వైపు తరతరాలుగా సేద్యం చేసుకున్న కుటుంబం. నాన్న కాలం దాకా పొలాలు, అన్నయ్య కాలానికి లారీలు. ఆ ఇంట్లో నేను వైద్యం చదివి, ముందు మత్తు డాక్టరునై, తరువాత పెద్ద ఊరికి వెళ్ళి ఐసీయూ పని ప్రత్యేకంగా నేర్చుకుని తిరిగి బళ్ళారికి వచ్చాను. మా పెద్దమ్మకు మాత్రం నేను దేనికి డాక్టరునో చివరిదాకా అర్థం కాలేదు. కండ్లకా, పండ్లకా, కాన్పులకా అని అడిగేది. ఏ ఒక్కదానికీ కాదు పెద్దమ్మా, మనిషి పోతాడా ఉంటాడా అన్నప్పుడు పక్కన నిలబడేదాన్ని అని చెబితే, అట్లాంటి పని ఆడబిడ్డకు ఎందుకమ్మా అని లోపలికి వెళ్ళిపోయేది.

నేను చేరిన ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆరు మంచాల ఐసీయూ, సరిగ్గా పనిచేసే వెంటిలేటర్లు రెండు. ఈ పని చదివి వచ్చినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. మొదటి ఏడాది ఒక మనిషి పోతే రెండు రోజులు అన్నం సయించేది కాదు. రెండో ఏడాదికి, మరణం ధ్రువీకరించి కాగితం మీద సంతకం పెట్టి, చేతులు కడుక్కుని, డబ్బా విప్పి పెరుగన్నం తినగలిగేదాన్ని. మూడో ఏడాదికి, అలా తింటున్నానన్న సంగతి కూడా గమనించడం మానేశాను. ఇందులో నాకు దుఃఖం ఏమీ లేదు, గర్వమూ లేదు. పంటి డాక్టరు మత్తు సూది వేసిన చోట చెంప గిల్లుకుంటే ఎలా ఉంటుందో, లోపల అలా ఉండేది. మా ఆయన ఒకసారి, నువ్వు ఇంట్లో కూడా మెల్లగా నడవడం, మెల్లగా తలుపు వేయడం చేస్తున్నావు, ఇక్కడెవరూ జబ్బులో లేరు అన్నారు. నేను దానికి నవ్వను కూడా లేదు.

అలా ఉన్న రోజుల్లో, వరి నాట్ల కాలంలో, ఒక ఉదయం పదిగంటల ప్రాంతంలో తుంగభద్ర కాలువ కింది క్యాంపు నుంచి ఒక కోడలిని తీసుకువచ్చారు. క్యాంపులంటే కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి భూములు కొని స్థిరపడిన రైతుల ఊళ్ళు. ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తాం. ఆమెకు ముప్పై ఏళ్ళుండవు. వెంట భర్త, అత్తగారు. తెల్లవారినప్పటి నుంచి కడుపునొప్పి అన్నదట. అత్తగారు వాము నీళ్ళు ఇచ్చింది, ఊళ్ళో ఇంజెక్షను చేసే మనిషి గ్యాసు అని సూది వేశాడు. కాసేపటికి మాట ముక్కుతో వస్తున్నట్టయింది, కనురెప్పలు వాలిపోయాయి. మా ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చేసరికి ఊపిరి ఆగిపోయి, పెదవులు నల్లబడి ఉన్నాయి. ఎంతసేపటి కిందట ఆగిందో వాళ్ళకూ తెలియదు.

నేను గొట్టం వేశాను. వేస్తూనే, రాత్రి ఎక్కడ పడుకుందని భర్తను అడిగాను. కూతురిని పక్కలో వేసుకుని కింద చాప మీదనట. ఒంటి మీద ఎక్కడా గాటు కనబడలేదు. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. నొప్పి తెలియదు, వాపు రాదు, కరిచిందని మనిషికే తెలియదు. విరుగుడు మందు ఎక్కించాం, వెంటిలేటర్‌కు కలిపాం. ఇంతవరకు నేను చేసినదంతా సరైనదే.

తరువాతి మూడు రోజులు ఆమెలో చలనం లేదు. గిల్లినా, నొక్కినా ఏమీ లేదు. కంటిపాపలు పెద్దవై, టార్చి వేసినా కదలకుండా ఉండిపోయాయి. ఆ పాము విషానికి ఒళ్ళంతా అలా చచ్చుబడిపోవచ్చని, కంటిపాపలు కూడా మోసం చేయవచ్చని నేను చదువుకున్నదాన్నే. కానీ ఊపిరి ఆగి నల్లబడిన పెదవులు నా కళ్ళతో చూశాను. గాలి అందక మెదడు దెబ్బతిని ఉంటుందని ఆ మొదటి రోజే నా మనసు ఒక తీర్పు రాసిపెట్టుకుంది. వెంటిలేటర్‌తో సహా స్కానింగుకు తీసుకుపోయే ఏర్పాటు మాకు అప్పట్లో లేదు. మా పెద్ద డాక్టరు వచ్చి చూసి, తల అడ్డంగా ఆడించి వెళ్ళిపోయారు.

అత్తగారు మాత్రం రోజూ ఉదయం, సాయంత్రం లోపలికి వదిలే ఆ ఐదు నిమిషాలూ మంచం పక్కన నిలబడి, కోడలితో ఇంటి సంగతులు చెప్పేది. కాలువ కింది మడి నాటు అయిపోయింది, గట్టు మీది మడి మిగిలింది. పాపకు జడ వేస్తే బిగుతుగా ఉందని ఏడ్చింది. గేదె రెండు పూటలు పాలివ్వలేదు. ఆమెకు వినబడదమ్మా అని నేను ఒకసారి అన్నాను. ఆ పెద్దావిడ కొంగు సర్దుకుని, “పోనీలెండి డాక్టరుగారూ, నాకు చెప్పుకోవడం అలవాటు” అంది.

నాలుగో రోజు పొద్దున, పురుగుమందు పిచికారీ చేస్తూ పడిపోయిన ఒక మనిషిని కింద చేర్చుకున్నారు. అతనికి వెంటిలేటర్ కావాలి. రెండూ నడుస్తున్నాయి. నేను ఆ కోడలి మంచం పక్కన నిలబడి, తడి గుడ్డతో ఆమె కళ్ళు తుడుస్తున్న సిస్టర్‌తో, ఇంట్లో మాట్లాడుకున్నట్టే అన్నాను: “ఈమెది అయిపాయ సిస్టర్. కింద ఇంకొకరు మంచం కోసరం కాచుకోనుండారు. వీళ్ళోళ్ళకు చెప్పి, ఇంటికి పిలుచుకోని పొమ్మందాం.”

నేను అత్తగారినీ భర్తనూ మంచం దగ్గరికే పిలిపించి, చేయగలిగినదంతా చేశామని, యంత్రం తీస్తే ఎక్కువ సేపు ఉండదని, ఇంటి దగ్గర అయితే అందరూ చూసుకుంటారని, ఎన్నోసార్లు చెప్పి నోటికి వచ్చేసిన ఆ నాలుగు ముక్కలూ చెప్పాను. భర్త గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అత్తగారే మాట్లాడింది.

“రేపు అమావాస్య కదండీ. ఇవాళ తీసుకెళ్తే రేపటికి ఏమవుతుందో. అమావాస్య పూట ఇంట్లో అలాంటిది వద్దండి. ఎల్లుండి పొద్దున్నే బండి తెచ్చుకుంటాం.”

నాకు విసుగొచ్చింది. మంచం ఖాళీ చేయమని గట్టిగా చెప్పే హక్కు నాకు లేదు, వాదించే ఓపిక లేదు. మీ ఇష్టం అని వచ్చేశాను. పురుగుమందు మనిషిని వేరే ఊరికి పంపించేశాం. అతను ఏమయ్యాడో నేను విచారించలేదు.

మరునాడు, అమావాస్య మధ్యాహ్నం, నేను ఇంకో మంచం దగ్గర ఉండగా, ఆ కోడలి మంచం దగ్గర నుంచి సిస్టర్ పిలిచింది. “మేడం, ఒక్క నిమిషం ఈడికి రాండి. కాలు బొటనేలు కదిలిస్తాండాది.”

అలాంటివి ఊరికే వస్తుంటాయి, పట్టించుకోవద్దన్నాను. సిస్టర్ కదల్లేదు. “ఊరికే చెప్పడం ల్యా మేడం. నేను అడిగితే కదిలిస్తాండాది. మీరే వచ్చి అడగండి.”

వెళ్ళాను. ఆ కోడలి చెవి దగ్గర వంగి, అమ్మా, వినబడుతుంటే కుడికాలి బొటనవేలు రెండుసార్లు కదిలించు అన్నాను. వేలు కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

ఇక్కడ నా గుండె జల్లుమందని రాస్తే బాగుంటుంది. అలా ఏమీ కాలేదు. పంచె మడతలాంటి తెల్ల దుప్పటి కింద నుంచి బయటికి వచ్చిన ఆ పాదం, దాని మీద చెరిగిపోతున్న పసుపు, గోటి పక్కన పొలం మట్టి చూస్తూ నిలబడ్డాను. చేతులు కడుక్కున్నాను. బయటికి వెళ్ళి, బెంచీ మీద కూర్చున్న వాళ్ళిద్దరికీ, కొంచెం మార్పు కనబడుతోంది, ఆశ ఉంది అని చెప్పాను. భర్త రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అత్తగారు లేచి నిలబడి, “అయితే బండి వద్దని కబురు పెట్టమంటారా అండీ?” అని మాత్రం అడిగింది.

ఆ తరువాత రోజుకు కొంత చలనం తిరిగి వచ్చింది. పాదం, చేతివేళ్ళు, మెడ, చివరికి కనురెప్పలు. ఇంకో వారానికి యంత్రం అక్కర్లేకుండా పోయి, గొట్టం తీసేశాం. గొంతు బొంగురుపోయి ఉంది. మరునాటి సాయంత్రం నేను గుండె చప్పుడు వింటుంటే, ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“నేను అన్నీ విన్నానండి,” అంది. “సూదులు గుచ్చడమూ తెలిసింది. కళ్ళలోకి లైటు వేసినప్పుడల్లా, చూస్తున్నానని చెబుదామనుకునేదాన్ని. ఈమెది అయిపాయ అన్నారు కదండీ మీరు.” ఆ ఒక్క మాట అచ్చం మా యాసలోనే అంది.

నేను స్టెతస్కోపు చెవుల నుంచి తీసి మెడలో వేసుకున్నాను.

“బండి వస్తే గొట్టం తీసేస్తారని అనుకున్నానండి. మా అత్తయ్య అమావాస్య అనేసరికి, అమ్మయ్య, ఇంకొక రోజుంది, ఈలోగా ఏదో ఒకటి కదిలించాలి అనుకున్నాను. ఏది కదులుతుందో ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చానండి. చివరికి ఆ వేలు దొరికింది.”

ఆమె గొంతులో కోపం లేదు. పొలంలో జారిపడిన చోటు చూపించినట్టు చెప్పింది. తప్పయిందమ్మా, క్షమించు అని నేను అప్పుడే అనవలసింది. అన్నానా? లేదు. పొద్దున గంజి తాగావా అని అడిగి, తాగానన్నాక, పక్క మంచం దగ్గరికి వెళ్ళాను. ఇంటికి పంపించే రోజున భర్త వంగి నా కాళ్ళకు నమస్కారం చేయబోయాడు, నేను వారించాను కానీ, మీరే మమ్మల్ని నిలబెట్టారు అంటే మాత్రం కాదనలేదు. అత్తగారు అక్కడే ఉంది. కోడలిని నిలబెట్టింది తన అమావాస్య మాటేనని ఆమెకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్ళీ వాళ్ళు రాలేదు. నేనూ ఆ క్యాంపు మీదుగా ఎన్నోసార్లు వెళ్ళాను గాని, బండి ఆపలేదు.

ఆ తరువాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఒక అలవాటు చేసుకున్నాను. కళ్ళు మూసుకుని పడి ఉన్న ప్రతి మనిషికీ, నేను ఎవరినో, ఏం చేయబోతున్నానో చెప్పి చేసేదాన్ని. కొత్త డాక్టర్లు చాటుగా నవ్వుకునేవాళ్ళు. నేను చెప్పిన వాళ్ళలో చాలామంది లేవలేదు, వాళ్ళు విన్నారో లేదో తెలియదు. దానివల్ల నాలో ఉన్న మొద్దుబారినతనం కరిగిందని కూడా చెప్పను. అది అలాగే ఉంది, దాని పక్కన ఈ అలవాటు ఒకటి చేరింది, అంతే.

ఇప్పుడు క్యాంపుల్లో అందరికీ మంచాలు ఉన్నాయి, వాము నీళ్ళతో పొద్దు గడపకుండా తెల్లవారకముందే కారులో తీసుకువస్తారు. కట్లపాము సంగతి కుర్ర డాక్టర్లకు నాకంటే బాగా తెలుసు. కంటిపాప చూసి తీర్పు చెప్పే తొందర వాళ్ళకు లేదు. ఆ మేరకు కాలం మంచిదే. మంచానికో అద్దాల గది వచ్చింది. అంటురోగాల భయంతో బయటివాళ్ళను లోపలికి రానివ్వడం తగ్గింది. గాజు అవతల నిలబడి చూసి వెళ్తారు, కొందరు ఫోనులోనే చూసుకుంటారు. అది అవసరమే, నేను ఉన్నా అదే నియమం పెట్టేదాన్ని. కానీ ఆ గదుల్లో పడుకునే వంతు ఇక మన తరానిది. యంత్రం చప్పుడు తప్ప ఇంకేమీ వినబడని ఆ చోట, ఇవాళ ఏ వారమో, బయట వాన పడుతోందో లేదో, ఇంట్లో ఎవరు అలిగారో చెప్పడానికి ఎవరొస్తారా అని మధ్యాహ్నాలు ఊరికే కూర్చున్నప్పుడు అనుకుంటూ ఉంటాను.