కిన్నెరసానిలో సమ్మయ్య కాక

పోయిన ఏడాది అండమాన్‌లో, నీటి అడుగున చూసే కళ్ళద్దాలు ముఖానికి బిగించుకోగానే రబ్బరు వాసన గుప్పుమంది. వెంట వచ్చిన గైడు అమ్మాయి మా అందరికీ జాగ్రత్తలు చెబుతోంది: ఇక్కడ చిన్న సొరచేపలు తిరుగుతాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవద్దు, వీపు చూపించి పారిపోవద్దు. కాసేపటికి నిజంగానే ఒక సొర నా ముందు నుంచి సాగిపోయింది. నేను కదలడం మానేసి, దాన్ని కళ్ళతోనే సాగనంపి, నెమ్మదిగా అందరి దగ్గరికి చేరాను. పడవెక్కాక ఆ అమ్మాయి అడిగింది, ఇంతకుముందు ఏ సముద్రంలో నేర్చుకున్నారని. "సముద్రం కాదమ్మా, ఖమ్మం జిల్లాలో" అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వేసింది.

ఎనభైల చివర్లో నాకు చేపల శాఖలో ఉద్యోగం వచ్చింది. వైరా కాలువలో ఈత నేర్చిన పిల్లనని, కిన్నెరసాని జలాశయానికి పంపారు. అక్కడ ఒక మూల నీళ్ళలో వలతో దడి కట్టి చేపపిల్లల్ని పెంచేవారు. వారం వారం పిల్లలు తగ్గిపోతున్నాయి. వల ఎక్కడ చిరిగిందో దిగి చూడాలి. మా ఆఫీసరు గారు విశాఖ నుంచి కళ్ళద్దాలూ, ఊపిరి తీసుకునే గొట్టమూ తెప్పించి నా చేతికిచ్చారు. పడవ నడిపేది సమ్మయ్య. యాభై దాటిన బక్కపలుచని మనిషి. మొదటి రోజే నేను కొంగు దోపి దిగబోతే తెడ్డు అడ్డం పెట్టాడు.

"ఆగుండ్రి మేడమ్. ముందుగాల ఇది ఎవరి ఇల్లో తెలుసుకోండ్రి."

నాలుగు రోజులు నన్ను ఒడ్డునే కూర్చోబెట్టాడు. ఎదురుగా బండల మీద మొసళ్ళు ఎండకు పడుకునేవి. నేను సగం భయంతో, సగం ఆశతో చూసేదాన్ని. మూడో రోజుకు "మేడమ్" పోయి "బిడ్డా" వచ్చింది, ఆయన కూడా నాకు చిన్నాన్న వరసై కాక అయ్యాడు.

"ఎన్నున్నయ్ బిడ్డా?"

"మూడు."

"ఇందాక?"

"నాలుగు."

"మరి నాలుగోది ఏడికి వోయింది?" నేను బండలన్నీ మళ్ళీ వెతికాను. "కనవడేదాంతోని భయం లేదు. కనవడకుంట వోయిందాని సంగతి అర్సుకోవాలె. నీళ్ళల్ల ఎదురైతే కొట్టుకోకు. దాని తొవ్వకు అడ్డం వోకు."

ఐదో రోజు, పొద్దు బాగా ఎక్కాక, దడి లోపల దిగాను. చలికాలపు నీళ్ళు తేటగా ఉన్నాయి. ఎండ నిలువుగా కిందికి దిగి, చేపపిల్లల గుంపును వెండిలా మెరిపిస్తోంది. అంత అందం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. వచ్చిన పని మరిచిపోయాను. అప్పుడు పడవ చెక్క మీద తెడ్డు టక్ టక్ మని రెండుసార్లు మోగింది. వెంటనే బయటికి రమ్మని మేం పెట్టుకున్న గుర్తు.

తల తిప్పాను. వల కింది అంచు దగ్గర పెద్ద చిరుగు. దాని పక్కనే, దడి లోపల, నాకు నాలుగు బారల దూరంలో మొసలి అడుగు నేలకు ఆనుకుని ఉంది. ముందరికాలి వేళ్ళు విప్పి మట్టి మీద ఆనించింది. నేను చూస్తుండగా దాని కంటి మీద గాజుపొరలాంటిది జారి మళ్ళీ తొలగింది. కాళ్ళు ఆడించలేదు. చిరుగువైపు పోకుండా, చూపు దాని మీదే ఉంచి, చేతుల్ని మాత్రం మెల్లగా కదుపుతూ పడవ దాకా వెనక్కి జరిగాను. కాక నా రెక్క పట్టి ఒక్క గుంజు గుంజాడు. పడవలో పడి ఏడ్చేశాను. మొసలి ఆ చిరుగులోంచే బయటికి పోయిందని నీటి మీద బుడగల వరుస చూసి ఆయనే చెప్పాడు. బండల మీద ఒకటి తగ్గడం చూసే తెడ్డు కొట్టాడట.

చీవాట్లు పడతాయనుకున్నాను. ఆయన నా ముందు గొంతుక్కూర్చుని చిన్నపిల్లవాడిలా అడిగాడు: "ఎట్లుంది బిడ్డా? నీళ్ళల్ల దాని కన్ను తెరిచే ఉంటదా? కాళ్ళు ఏం చేస్తయ్? నలభై ఏండ్లాయె, పడవల కూసుండి పైకెళ్ళే చూస్తున్న. లోపల ఎట్లుంటదో నాకు ఎరుకలేదు." ఏడుపు ఆపి చెప్పాను. ఆ వేళ్ళు, ఆ గాజుపొర. ఆయన ఒక్కొక్కటీ రెండేసిసార్లు చెప్పించుకున్నాడు.

వల బాగుచేసి, లోపల ఏమీ లేదని మూడు రోజులు చూసుకున్నాక, ఒక మధ్యాహ్నం సిగ్గుపడుతూ చేయి చాచాడు. "ఆ అద్దాలు ఒకపారి ఇయ్యరాదూ?" నేనే ఆయన ముఖానికి కళ్ళద్దాలు బిగించాను. తెడ్డు నా చేతికిచ్చి, "నా దిక్కు చూడకు, బండల దిక్కు చూడు" అని దిగాడు. బండల మీద నాలుగు మొసళ్ళు. నా చూపు వాటిని వదల్లేదు. పక్కన గొట్టంలోంచి ఆయన ఊపిరి మాత్రం వినబడుతోంది, మొదట తొందరగా, పోనుపోను నింపాదిగా.

చాలాసేపటికి పైకి వచ్చి, పడవ అంచు పట్టుకుని నవ్వాడు. "ఇన్నేండ్లు దీని మీద బతికిన బిడ్డా. ఇయ్యాల్నే చూసిన."

సమ్మయ్య కాక పోయి చాలా ఏళ్ళయింది. నా కింద పనిచేసినవాళ్ళు ఏ చెరువు నుంచి వచ్చినా రిపోర్టు పక్కన పెట్టమని, ముందు కుర్చీ చూపించి, ఏం చూశారో చెప్పమనేదాన్ని. ఇంట్లో పిల్లలు ఏదైనా కొత్తది చూసి పరిగెత్తుకొస్తే ఇప్పటికీ అంతే. చేతిలో పని వదిలేసి, వాళ్ళ ముందు కూర్చుని, రెండోసారి కూడా చెప్పించుకుంటాను.